వద్దనే అనుకుందాం

"మూడేళ్ళు బీఎస్సీ లెక్కలు చదివి ఏం నేర్చుకున్నావే?" పామర్రు చేపల బజార్లో పొలుసు గీకుతూ మా అమ్మాయి సుధామణిని అడిగాను.

"ఒక మాట తప్పని రుజువు చెయ్యాలంటే, ముందు అది నిజమే అనుకుని పోవాలి నాన్నా. పోగా పోగా అదే అడ్డం తిరుగుద్ది."

"మీ అమ్మ నాతో రోజూ చేసే పనేగా అది! దానికి కాలేజీ దేనికి? ఎమ్మెస్సీ లేదు, ఏం లేదు. ఐదో క్లాసుతో నేను బతకట్లా?"

"సరే, చదువు వద్దనే అనుకుందాం. అయితే రేపట్నుంచి నా చోటు ఇదే." నన్ను పక్కకి జరిపి, చున్నీ నడుముకి బిగించి, కత్తిపీట ముందు కూర్చుంది.

పొలుసు ఎగిరి తన చెంపకి అంటుకుంది.

"లేవే! నా చేతులకున్న నీచుకంపు చాలదా మన ఇంటికి?" అని అరిచాను.

సుధామణి చేప కింద పెట్టి నవ్వింది.

"అడ్డం తిరిగింది నాన్నా."