మేడమ్ వైపు బ్రేకు

"మళ్ళీ అరిగిందా? ఆ రబ్బర్ని తొక్కుతున్నావా, నములుతున్నావా?"

డ్రైవింగ్ స్కూల్ ఓనరు అరుపుకి గేటు దగ్గర నిలబడ్డ లెర్నర్లు ఉలిక్కిపడ్డారు. అక్కడ డ్రైవింగ్ నేర్పే మేడమ్ మాత్రం పని ఆపలేదు. తలా చేతులూ డాష్‌బోర్డు కింద, కాళ్ళు కారు బయట. ఇలాంటి కార్లలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది కదా, దాని పాత రబ్బరు పీకుతోంది. గీతలన్నీ చెరిగిపోయి బోడిగుండులా నున్నగా ఉంది. ఒక మూల ఇనుమే బయటపడింది.

"కాలు జారుతోంది సార్. అందుకే మారుస్తున్నా."

"అసలెందుకు తొక్కాలంట? హీరో బండి చూడు. అతని వైపు రబ్బరు కొన్ననాడు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది!"

హీరో అంటే పక్క బండిలో నేర్పే ఆయన. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, సీట్లో బాసింపట్టు వేసుకుని, ఫోన్ చూసుకుంటూ నేర్పుతాడు. ఎవడెంత అడ్డంగా తోలినా "సూపర్ బాస్" అంటాడు. మరి జనానికి ఆయనంటే ప్రాణం కాక ఏమవుతుంది?

"నీ బండెక్కిన ప్రతివాడూ ఒకటే గోల. మేడమ్ నడపనివ్వదు, ఊరికే బ్రేకేస్తుందని. ఇలాగైతే వాళ్ళకి ధైర్యం ఎప్పుడొస్తుంది?"

మేడమ్ కొత్త రబ్బర్ని సబ్బునీళ్ళతో తడిపి పెడల్ మీద పెట్టింది. స్క్రూడ్రైవరుతో అంచులు ఒక్కొక్కటే వెనక్కి ఎక్కించింది. బొటనవేలితో అటూ ఇటూ లాగి చూసింది. కదల్లేదు. అప్పుడు బయటికొచ్చి, నడుం పట్టుకుని నిలబడింది.

"నిన్న బంతి కోసం ఒక పసిపిల్ల రోడ్డు మీదికి ఉరికింది సార్. స్టీరింగ్ దగ్గరున్నాయన కంగారులో యాక్సిలరేటర్ తొక్కాడు. నేను బ్రేకు తొక్కకపోతే ఇవాళ మీరు పోలీస్ స్టేషన్లో ఉండేవారు."

"నాకు కథలు చెప్పకు. ఇవాళ్టి నుంచి కాళ్ళు పైన పెట్టుకుని కూర్చో. బ్రేకు జోలికెళ్ళావా, ఇదే ఆఖరి రోజు!"

మేడమ్ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగం మీదే. ఆడదాన్ని నమ్మి ఈ పని ఇంకెవరిస్తారు? అయినా సరే, గొంతు తగ్గలేదు.

"తొక్కుతా సార్. ఇవాళా తొక్కుతా, రేపూ తొక్కుతా. ఇదీ అరిగితే ఇంకోటి వేసుకుని మరీ తొక్కుతా. పిల్ల అడ్డమొస్తే బాసింపట్టు వేసుక్కూర్చునేంత ధైర్యం నాకు లేదు!"

"అయితే తాళాలిచ్చి వెళ్ళు!"

"మహాభాగ్యం!" తాళాలు బానెట్ మీద టప్పున పెట్టి, బ్యాగు భుజాన వేసుకుంది. లెర్నర్లు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

"నాన్నా, లేటయ్యానా?" అంటూ వాళ్ళని తోసుకుంటూ ఒకమ్మాయి వచ్చింది. ఓనరు ఒక్కగానొక్క కూతురు. ఇవాళే మొదటి క్లాసు.

"లేటేం లేదు పాపా, వచ్చెయ్!" హీరో తన బండిలో కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి డ్రైవర్ వైపు తలుపు తోశాడు. ఆ పిల్ల హుషారుగా అటు పరుగెత్తింది.

ఓనరు బానెట్ మీది తాళాలు చటుక్కున లాక్కుని, మేడమ్ చేతిలో కుక్కి, గొంతు చించుకున్నాడు.

"అందులో కాదే తల్లీ! మేడమ్ బండెక్కు!"