చలికాలపు పని

"కల్ సే హమ్ లోగ్ భట్టీ పే జాయేంగే, భయ్యా," అన్నాడు సుఖీరామ్, టీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి. రేపటినుంచి తనతోపాటు కూలీలంతా ఇటుక బట్టీలకు పోతారట.

అప్పలసూరి ముఖం మాడిపోయింది. భిలాయి క్యాంప్ 1లో పెంకుటిళ్ళు నేసే కాంట్రాక్టరు అతను. వానలకు ముందు ప్రతి ఇంటి పెంకులూ దించి మళ్ళీ నేయాలి కనుక, ఆ రోజుల్లో అతను వీధికంతా పెళ్ళికొడుకే. కుర్చీలు వేస్తారు, టీలు పోస్తారు. వానలు వెళ్ళాక పలకరించే దిక్కుండదు. చలికాలంలో బట్టీలకు పోయిన కూలీలు వేసవికి తిరిగిరారు. కూలీలు లేని కాంట్రాక్టరుకు పని ఎవరిస్తారు?

"నాలుగు రోజులాగు. పనొస్తాది," అన్నాడు చివరికి.

సుఖీరామ్ వెళ్ళాక నూకరత్నం మొగుడి మీద విరుచుకుపడింది.

"ఎక్కడినుంచొస్తాది? ఈ చలిలో ఇల్లు నేయించుకునేదెవులు?"

"నీ ఆంజనేయస్వామినడుగు."

అది వెటకారం. ప్రతి మంగళవారం ఆమె పెరట్లో కొండముచ్చులకు రొట్టెలు పెడుతుంది. తమకే జరుగుబాటు లేని ఇంట్లో ఈ పుణ్యమేమిటని అతను ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.

స్వామి విన్నట్టే ఉంది. ఆ వారమే కొండముచ్చుల గుంపు వీధి మీద పడింది. ఇంటి మీంచి ఇంటి మీదికి దూకి, పెంకులు పీకి, పగలగొట్టి పోయింది. స్టీలు ప్లాంటు డ్యూటీ దిగినవాళ్ళు దిగినట్టే తిట్టుకుంటూ అప్పలసూరి గుమ్మం ఎక్కారు. సుఖీరామ్ కట్టిన మూట విప్పేశాడు.

"సూసినావా, నా సామి!" అంది నూకరత్నం.

"అవునే రత్తం. పెట్టు, మానకు."

ఎవరూ అనుకోని వాన పుష్యమాసంలో పడింది. పక్కింటి కనకలత పసిబిడ్డ ఉయ్యాలకు పైనున్న పెంకులను ఆ పొద్దుటే కొండముచ్చులు పగలగొట్టాయి. తండ్రి రైల్వే డ్యూటీలో ఉన్నాడు. బాలింత ఒక్కతీ ఉయ్యాల జరిపేలోపే బిడ్డ తడిసిపోయాడు. జ్వరం, ఆయాసం పట్టుకుని ఆస్పత్రి పాలయ్యాడు.

నూకరత్నం గుండె నీరైపోయింది.

"నానే ఆటికి తిండి మరిగించినాను. ఆ బిడ్డ ఉసురు నాకే తగుల్తాది."

"నీ తప్పేటీ నేదే. ఊరుకో," అన్నాడు అప్పలసూరి.

ఎంత మంచివాడు, అనుకుంది. ఆరోజే రొట్టెలు మానేసింది. అయినా కొండముచ్చులు రావడం మానలేదు. పెరటివైపు తొంగి చూడకుండా ఇళ్ళ మీదికే పోతున్నాయి. తన పాపం తనను వదలదనుకుంది.

ఆస్పత్రికి వెళ్ళి కనకలత కాళ్ళు పట్టుకుని జరిగిందంతా చెప్పేసింది. బిడ్డ గుండె ఎగిరెగిరి పడుతోంది.

"కావాలని చేసినావా వదినా? నోరులేని జీవాలకి పెట్టడం పాపమేటి?" అంది కనకలత కళ్ళు తుడుచుకుని. "అన్నయ్యతో చెప్పి మా ఇల్లు నేయించు. నా బిడ్డ బతికొస్తే పొడి ఇంట్లో పండాలి."

మర్నాడు అప్పలసూరి తనే నిచ్చెన వేశాడు.

"ఆ ఇంట్లో కూలి పుచ్చుకుంటే పురుగులు పడతాయి," అన్నాడు.

"ఇస్‌కే బాద్ కామ్ హై, భయ్యా?" అని అడిగాడు సుఖీరామ్, దీని తర్వాత పని ఉందా అని.

"ఉంటాది. నువ్వెల్లి పెంకులు తే."

నూకరత్నం నీళ్ళచెంబు పట్టుకుని పెరటి దారిన వచ్చింది. మొగుడు ఉయ్యాల ఉన్నచోటికి సరిగ్గా పైన, ఒక్కొక్క పెంకూ తట్టి చూసి మరీ పేరుస్తున్నాడు. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు స్వామికి మనసులోనే దండం పెట్టుకుంది. పిలవబోయి, పని చెడుతుందని తమ ఇంటి చూరు కింద ఆగింది.

చివరి పెంకు సర్ది, అప్పలసూరి వీధికి అటూ ఇటూ చూశాడు.

రొంటిలోంచి గుప్పెడు వేరుశనక్కాయలు తీసి అవతలి ఇంటి పెంకుల మీద చల్లాడు.