పాత సిలబస్ బాబాయ్

"అమ్మాయ్, నీ హాల్ టికెట్ కింద పడింది."

ఆమె వెనక్కి తిరిగింది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇన్విజిలేటర్ అనుకుని గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నేనూ పరీక్ష రాయడానికే వచ్చాను."

పరీక్షల భవనం మెట్ల మీదున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఈ సెంటరుకు కొత్తగా వచ్చిన ఆమె తప్ప, సప్లీ రాసేవాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. పాత సిలబస్ బాబాయ్ అని పేరు కూడా పెట్టేశారు.

ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. కాలేజీ వదిలి నాలుగేళ్లయినా ఫ్లూయిడ్ మెకానిక్స్ ఆమెను వదల్లేదు. డ్రాయింగ్ ఆఫీసులో ఇప్పటికీ ట్రైనీయే. తన వెనక చేరినవాళ్లు తనకే పని పురమాయిస్తున్నారు. "డిగ్రీ చేతిలో పెట్టు, మర్నాడే పర్మనెంట్ చేస్తాను" అని మేనేజరు అన్నప్పుడల్లా తల దించుకోవడం అలవాటైపోయింది.

"ఏ పేపరమ్మా?"

చెప్పింది.

ఆయన ముఖం వెలిగింది.

"ఈ పేపరుకి నోటీసు బోర్డులో రెండే నంబర్లున్నాయి. ఒకటి నాది, రెండోది ఎవరిదా అనుకున్నాను. ఎక్కడొచ్చింది తంటా?"

"పైపుల దగ్గర. ఆ సమీకరణం ఎంత చదివినా బుర్రకెక్కదు."

"అదేమంత కష్టం కాదు. నేను ల్యాబ్‌లో అటెండర్ని. ఏళ్ల తరబడి ఆ పైపుల వాల్వులు తిప్పేది నేనే. ఇదిగో, పైపు సన్నబడిందనుకో..."

"అన్నీ తెలిస్తే ఇన్నేళ్లుగా ఇక్కడెందుకున్నారు?"

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన కాస్త పక్కకు జరిగి, నీడలో ఆమెకు చోటిచ్చాడు.

హాల్లో పాత సిలబస్‌కి రెండే బెంచీలు. అరగంటకే ఆమె పెన్ను ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ పేపరిచ్చేసి బయటికి నడిచింది.

ఆరు నెలల తర్వాత ఈసారి ఆమే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది.

"బాబాయ్ గారూ, ఆ రోజు నోరు జారాను."

"అదెప్పుడో మర్చిపోయాను. పైపు దగ్గర ఆగాం కదూ?"

పరీక్షకు ఇంకా రెండు గంటలుంది. ఆయన మెట్టు మీద చాక్‌పీసుతో రెండు గీతలు గీశాడు.

"ఇరుకు సందులో మనమైతే నెమ్మదిస్తాం. నీళ్లు అలా కాదు, ఇరుకయ్యేకొద్దీ పరుగెడతాయి. పరుగెత్తేవాడికి ఇంకొకర్ని నెట్టే తీరికెక్కడిది? అందుకే ఒత్తిడి తగ్గుతుంది."

నాలుగేళ్లుగా కొరుకుడు పడనిది రెండు నిమిషాల్లో అర్థమైపోయింది.

"పాసైతే మీరేం చేస్తారు?"

"మా ల్యాబ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీగా ఉంది. డిగ్రీ తెస్తే నాకే ఇస్తామన్నారు. ఒక్కసారైనా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలని..."

మధ్యలోనే ఆగి, చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు.

"రిటైరవడానికి ఏడాది కూడా లేదులే. నీకైతే ముప్పై ఏళ్ల ఉద్యోగం ముందుంది."

ఆసారి ఆమెకు ముప్పై మూడు వచ్చాయి. రెండు మార్కుల్లో పోయింది.

"మీకెంత వచ్చాయి బాబాయ్ గారూ?"

"నా సంగతి వదిలెయ్. ఆదివారాలు లైబ్రరీ వరండాకి రా. చెబుతాను."

ఆ ఆరు నెలలూ ఒక్క ఆదివారం కూడా మానలేదు ఇద్దరూ. తప్పు చేస్తే ఆయన కసురుకునేవాడు కాదు. "మళ్లీ చెయ్" అనేవాడంతే.

మూడోసారి హాల్లో ఆమె తలెత్తకుండా రాసింది. ఒక అడిషనల్ షీట్ అయింది. ఇంకొకటి అడుగుతూ పక్కకు చూసింది.

ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందున్న కాగితం తెల్లగా ఉంది.

పాపం, ఒక్క ముక్కా గుర్తుకు రావడం లేదేమో అనుకుంది.

ఆమె చేతిలోని షీట్లు చూసి ఆయన చిన్నగా తలూపాడు. అప్పుడు పెన్ను తీశాడు.

బయటికొచ్చాక, "బాగా రాశావు కదూ?" అన్నాడు.

"రాశాను."

"అయితే ఇక నువ్విక్కడ కనబడకూడదు."

నవ్వుతూ అని, గేటు వైపు నడిచాడు.

ఆమె పాసైంది. ఉద్యోగం పర్మనెంటయింది. ఆ ఆదివారం లైబ్రరీ వరండాలో సాయంత్రం దాకా కూర్చుంది. ఆయన రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఇల్లెక్కడో, ఏ కాలేజీ ల్యాబో ఏనాడూ అడగనందుకు తనను తానే తిట్టుకుంది.

సప్లీలు మొదలైన రోజు సెలవు పెట్టి మెట్ల మీద కూర్చుంది. ఆ తర్వాతి సప్లీలకూ అంతే. గేటులోంచి నెరిసిన తల ఏది కనబడినా లేచి నిలబడేది. దగ్గరికొచ్చాక వేరే మనిషి. మళ్లీ కూలబడేది.

మూడోసారి ఉండబట్టలేక పరీక్షల విభాగం కిటికీ దగ్గరికి వెళ్లింది.

"పాత సిలబస్ ఫ్లూయిడ్ మెకానిక్స్ ఈసారి లేదా అండీ?"

"ఎప్పుడో ఆగిపోయిందమ్మా," అంది గుమాస్తా. "రాసేవాళ్లే లేరు."

"మరి ఆ పెద్దాయన? పాసవకుండానే వదిలేశారా?"

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని రిజిస్టరు తెరిచింది.

"వదిలెయ్యడమేంటి? మీతో పాటే పాసయ్యాడు. తొంభై రెండు."

ఆమె కిటికీలోంచి వంగి రిజిస్టరులో ఆ అంకె చూసింది.

"ఫలితాలొచ్చేసరికే రిటైరయ్యాడట. సర్టిఫికెట్ పోస్టులో పంపితే, ఆ ఇంట్లో లేరని తిరిగొచ్చింది."

"తొంభై రెండా? మరి అంతకుముందు ఎందుకు తప్పారు?"

"మిగతా పేపర్లన్నీ ఏడాదికొకటిగా గట్టెక్కాడు. ఇదొక్కటే, మీతో రాసిన ముందు రెండుసార్లూ ఖాళీ పేపరే ఇచ్చాడు. ఇదేం పని బాబాయ్ అని నేనే అడిగాను."

"ఏమన్నారు?"

"రాసేవాళ్లు ఒక్కరే మిగిలితే ఆ పేపరు ఎత్తేస్తారు కదమ్మా, నేను పాసైపోతే ఆ అమ్మాయి ఏం రాస్తుంది అన్నాడు."