సన్నటి మోత

రెండు కృష్ణబిలాల మధ్య గురుత్వాకర్షణను కచ్చితంగా లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు గనక, ఉదయగిరిలో నిరోష సుమారుగా లెక్కగడుతోంది. లెక్కకు చేర్చే ఒక్కో సవరణా ముందుదానికన్నా చిన్నదవ్వాలి. ఐదోది మాత్రం పెద్దదై కూర్చుంది. తెల్లారేలోగా జవాబు పత్రికకు పంపకపోతే మూడేళ్ల పరిశోధన వృథా.

వంటింట్లో పళ్లెం పడిన చప్పుడైంది. మోత తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగబోయి మళ్లీ పెరగసాగింది. ఇంట్లో నిరోష ఒక్కతే.

ఆత్మకూరు నుంచి ఫోన్లో మాట్లాడుతున్న అవ్వ రెబెకమ్మ కసిరింది. "ఏందే ఆ మోత? సన్నంగా ఉన్నప్పుడే పట్టుకోని ఆపాల. పెరిగినాక ఎవురాపుతారు?"

నిరోష ఉలిక్కిపడింది. సవరణలూ అంతే: నాలుగోదే అన్నిటికన్నా సన్నం, ఆ తర్వాత పెరగడమే. ఐదోది కొట్టేసి అక్కడే ఆపింది. జవాబు కుదిరింది.

మోతా ఆగింది.

వెళ్లి చూస్తే పళ్లెం స్టాండులోనే ఉంది, ఎవరో ఇప్పుడే పట్టుకుని వదిలినంత వెచ్చగా.

"థ్యాంక్సండీ," అంది నిరోష, ఎందుకైనా మంచిదని.