ఖాళీ గడి

"కళ్ళు మూయకండమ్మా. పేరు సెప్పండి."

"సన్యాసమ్మ."

"వయసు?"

"ముప్పై."

పాండు కాగితం మీద రాశాడు. ఉద్దానంలో జీడిపిక్కలు ఏరుతుంటే నాగుపాము కాటేసింది. టెక్కలి ఆస్పత్రికి ఇంకా పావుగంట. అందాకా ఆమెని నిద్రపోనివ్వకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నూట ఎనిమిది బండెక్కిన ఈ రెండేళ్ళలో పాండు నోటికి ఉద్దానం ఊళ్ళన్నీ మంచివే అయ్యాయి. బండి తలుపు పడ్డాక మనసు బయటే ఉండాలని శిక్షణలో చెప్పిన మాట అతనికి వేదవాక్కు.

"పాండూ, నీ వల్లవుద్దా? పలాసలో ఇంకో బండుంది, మారుద్దుమా?" డ్రైవర్ తిరుమలరావు అద్దంలోంచి అడిగాడు.

"నువ్వు రోడ్డు సూడు."

తిరుమలరావు సైరన్ మోగించి బండి వేగం పెంచాడు.

"మీ ఆయన పేరు?"

"మొగుడి పేరు నోటితో సెప్తారేటి?" ఆమె నీరసంగా నవ్వింది.

ఉద్దానం ఆడవాళ్ళతో ఇది మామూలే. పాండు ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

"పోనీ, ఎలాటోడో సెప్పండి."

"మంచోడే. తాగడు, కొట్టడు. పన్నించొత్తాడు, నీళ్ళోసుకుంటాడు, తింటాడు, తొంగుంటాడు. మాటుండదు."

"అలిసిపోతాడేమో."

"పోయినేడు జొరమొచ్చి మా పిల్ల పోనాది. ఆయన కంట్లో సుక్క నేదు. మర్నాడే పన్లోకెలిపోనాడు."

పాండు నాడి చూస్తున్నాడు. లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"అందరితోనూ ఇంత మెత్తగా మాటాడతారేటి?" అందామె.

"పేషెంటుతో ఇలాగే మాటాడాలమ్మా."

"మా ఇంటాయనకీ నేర్పండి. ఒక్కపాలి నన్నూ ఇలా అడిగుంటే..." నాలుక మడతపడింది. రెప్పలు వాలిపోతున్నాయి.

పాండుకి భయమేసింది. బండిలో అతనికి భయమేయడం అదే మొదలు.

"నిద్దరోకండి! ఇంకా సెప్పండి!"

"నాను పోతే... ఆయన ఏడుత్తాడేటండీ?"

 బండి ఆగింది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి నర్సు కాగితం పట్టుకుని బయటికొచ్చింది.

"టైముకే తెచ్చారు, మందెక్కుతోంది. భర్త పేరు రాయలేదేం? ఆయన సంతకం కావాలి. కబురందిందా?"

"ఇప్పుడే అందిందండీ."

పాండు కాగితం అందుకుని ఆ గడిలో తన పేరు రాశాడు.