బెగోనియా కొసలు

"అక్కా, ఆ కత్తెర పక్కన పెట్టు. నా పానం పోతున్నది!" రాహేలు మొత్తుకుంది.

ఎదురింటి మాణిక్యమ్మ వింటేగా! రాహేలు డాల్డా డబ్బాలో పెంచుకుంటున్న బెగోనియా మొక్క నిలువునా పెరిగిపోయి, రెండు పూలతో సరిపెడుతోంది.

"గిట్ల పొడుగు పెరిగితే పూలెట్ల పూస్తయి పిల్లా? కొసలు తెంపితే పక్కలకు కొమ్మలొస్తయి. వానలు తగ్గినంక చూడు, మస్తు పూస్తది. ఫికర్ చెయ్యకు."

కత్తిరించిన కొసలు గచ్చు మీద పడ్డాయి. వాటిలో బలమైనదొకటి మాణిక్యమ్మ నడుము దగ్గర చీర మడతలోకి మాయమైంది. రాహేలు కంట పడనే పడింది.

మాదన్నపేటలో ఆ గల్లీ ఆడవాళ్లందరిదీ ఒకటే నమ్మకం. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, దొంగిలించిందే పూస్తుంది. నమ్మకం సరే, దొంగతనం తన ఇంట్లోనేనా? లొల్లి పెట్టడానికి రాహేలు నోరు తెరిచింది.



"కూసో అక్కా, చాయ్ పెడుత" అంటూ వంటింట్లోకి పోయింది. మాణిక్యమ్మ ఇంకో రెండు కొసలు దోపుకునేందుకు వీలుగా, గిన్నెలు చప్పుడు చేస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మాణిక్యమ్మ బెగోనియా మొన్నటి ఎండలకు మాడిపోయింది. రాహేలు డబ్బాలోది దాని పిల్లే. నిరుడు మాణిక్యమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు, రాహేలే గబుక్కున ఒక కొస తుంచి కొంగులో దాచుకొచ్చింది.

గిన్నె మీద గిన్నె పెడుతూ రాహేలు ఠక్కున ఆగింది. ఆ రోజు కూడా లోపల గిన్నెలు ఇట్లాగే చాలాసేపు మోగాయి.