ఓకే అన్న చిలక

“‘ఓకే’ అంటే మీకు తెలుసనుకుంటున్నారు. తెలీదు!” అంటూ పండితుడు బల్ల చరిచాడు.

ఎదురుగా ఉన్న నిఘంటువు ఆఫీసు డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు. ప్రధాన సంపాదకుడి ఉద్యోగానికి వచ్చినవాళ్ళలో ఇంత గొంతున్నవాడు ఇతనొక్కడే. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, పండితుడు ‘ప్రధాన సంపాదకుడు’ అని కార్డులు అచ్చు వేయించి బావమరిదికి అప్పుడే ఒకటి ఇచ్చేశాడు. ఇప్పుడీ ఉద్యోగం రాకపోతే అత్తారింట్లో తలెత్తుకోలేడు.

“పై అధికారి ఓకే అంటే సంతకం. డాక్టరు ఓకే అంటే ప్రాణం. మా ఆవిడ ఓకే అంటే మాత్రం, ఆ పూట నాకు మూడిందని అర్థం!”

డైరెక్టరు పకపకా నవ్వాడు. మూలన ఎర్ర పెన్సిలుతో ప్రూఫులు దిద్దుతున్న ముసలావిడ తల కూడా ఎత్తలేదు. ‘దండగమారి జీతం. నేను రాగానే ముందు ఈవిణ్ణి ఇంటికి పంపాలి’ అనుకున్నాడు పండితుడు.

“మా నిఘంటువులోంచి ఎత్తిరాసే దొంగలు ఎక్కువయ్యారండీ” అన్నాడు డైరెక్టరు. “వాళ్ళను పట్టే పని కూడా మీదే.”

“ఛీ ఛీ! పరాయి సొమ్ముకు ఆశపడే వెధవలు! నాకు వదిలేయండి.”

“సరే, ఇంతకీ ఆ ‘ఓకే’ అన్న మాట ఎక్కడ పుట్టిందంటారు?”

“తలో మాటా చెబుతారు. అసలు గుట్టు నాకొక్కడికే తెలుసు. పూర్వం ఓ రేవులో బస్తాలు తూచే గుమస్తా ఉండేవాడు. అతనికో ఒంటికన్ను చిలక. తూకం సరిపోతే చాలు, ‘ఓకే, ఓకే’ అని కూసేది. నావికులు ఆ కూతను దేశదేశాలకూ మోసుకెళ్ళారు!”

ముసలావిడ పెన్సిలు ఆగింది. “ఏ కన్ను పోయింది బాబూ?”

“ఎడమది. ఇరవై ఏళ్ళు పాత రేవు కాగితాలు తిరగేస్తే దొరికిందమ్మా! ఆ దుమ్ముకి ఆయాసం కూడా పట్టుకుంది.”

“అయ్యో పాపం! ఇంకెక్కడా లేదా?”

“ఎక్కడుంటుంది? నా సొంత సరుకు.”

ఆవిడ లేచి, తమ నిఘంటువు తెచ్చి ‘ఓకే’ ఉన్న పేజీ తెరిచింది. గుమస్తా, బస్తాలు, చిలక, పోయిన ఎడమ కన్నుతో సహా అన్నీ ఉన్నాయి. పండితుడు క్షణంలో తేరుకున్నాడు.

“చూశారా! మీవాళ్ళకీ అదే దొరికింది. నిజం ఎవరు తవ్వినా ఒకటే కదండీ!”

ముసలావిడ పెన్సిలు చెవి వెనక దోపుకుంది.

“కాపీ దొంగలను పట్టడానికి ఆ చిలకను కల్పించింది నేనే, నాయనా.”